ఏవన్ అనే మాట ఎక్కడిది? మన సరుక్కి గ్రేడు వేసే చెయ్యి ఎవరిది?

ఈసారి పోస్టు పురుగుమందు గురించి కాదు, విత్తనం గురించి కాదు. ఒక మాట గురించి. కొంచెం పెద్దది. మోటారేసి గట్టు మీద కూర్చున్నప్పుడు తీరిగ్గా చదవండి. సగంలో వదిలేస్తే అసలు సంగతి అందదు.

మనం రోజుకు ఎన్నిసార్లు "ఏవన్" అంటామో ఎప్పుడన్నా లెక్కేశారా? కాయ ఏవన్‌గా ఉంది బావా అంటాం. ఎద్దుల జత ఏవన్ అంటాం. టీ బాగుంటే ఏవన్, సంబంధం కుదిరితే ఏవన్. బడికి పోని ముసలాళ్లు కూడా అంటారు. అది ఇంగ్లీషు మాట అని తెలుసు గానీ, అందులో ఏ ఎందుకు, ఒకటి ఎందుకు అని ఎవరం అడగం. నేనూ యాభై ఏళ్లు దాటేదాకా అడగలేదు.

ఈ ఏడు నాకు అడగాల్సిన పని పడింది. మూడో కోత మిరపకాయ 22 టిక్కీలు యార్డుకి తోలుకుపోయాను. ఇంటిదీ నేనూ ఎనిమిది రోజులు కల్లంలో కూర్చుని తాలు ఏరిన కాయ అది. మా కళ్లకి ఏవనే. కొనే ఆయన వచ్చాడు, ఒక టిక్కీ కొస విప్పాడు, గుప్పెడు కాయ తీసి చేతిలో ఆడించాడు, "మీడియం" అన్నాడు. అరనిమిషం పట్టలేదు. ఎందుకు మీడియం అయ్యా అంటే "రంగు లేదు" అని పక్క లాటుకి పోయాడు. అదే చేలో సగం కౌలుకి చేసే మా బావమరిది వారం తర్వాత అదే కోత కాయ వేస్తే, ఇంకొకాయన "బెస్టు" అన్నాడు. క్వింటాకి తేడా ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ ఏవన్‌లు, బెస్టులు, మీడియాలు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని మా తమ్ముడి కూతురిని కూర్చోబెట్టి వెతికించాను. అమ్మాయి చదివి చెప్పింది, నేను కాగితం మీద రాసుకున్నాను. చూస్తే మన యార్డు గోలే. కాకపోతే అక్కడ మిరపకాయల బదులు ఓడలు.

ఇంగ్లాండులో పాత మనుషులు ఒక వస్తువు నిక్కచ్చిగా ఉందని చెప్పాలంటే "ఏవన్ ఎట్ లాయిడ్స్" అనేవాళ్లు. అంటే లాయిడ్స్ వాళ్ల లెక్కలో ఏవన్ అని. ఇప్పుడు అక్కడ ఆ పూర్తి మాట పెద్దగా అనరు, పాతకాలం మాటైపోయింది. తోక రాలిపోయి, తల మటుకు మన దాకా వచ్చింది.

ఎవరీ లాయిడ్? రాజు కాదు, పెద్ద షావుకారు కాదు. కాఫీ కొట్టాయన. ఎడ్వర్డ్ లాయిడ్ పేరు. 1688 ప్రాంతంలో లండన్‌లో టవర్ వీధిలో కాఫీ కొట్టు నడిపేవాడు. 1691లో లంబార్డ్ వీధికి మార్చాడు. ఓడల వాళ్లు, సరుకు వర్తకులు, ఓడలకి బీమా రాసేవాళ్లు అక్కడే చేరేవాళ్లు. ఏ ఓడ ఎక్కడుంది, ఏది మునిగింది, ఏది ఒడ్డు చేరింది అన్న కబుర్లన్నీ ఆ కొట్లోనే. మన ఊళ్లో ధర కబురు టీ కొట్లోనే కదా ముందు తెలిసేది, అట్లా. లాయిడ్ 1713లో పోయాడు. కొట్టు పేరు మటుకు మిగిలింది.

అప్పట్లో బీమా ఎట్లా రాసేవాళ్లంటే, ఓడ పేరు, సరుకు, ప్రయాణం ఒక కాగితం మీద రాసేవాళ్లు. దాని కింద ఒకడు "నా వంతు ఇంత" అని సంతకం, ఇంకొకడు "నా వంతు ఇంత" అని సంతకం. అట్లా పదిమంది కలిసి నష్టం పంచుకునేవాళ్లు. కింద రాసేవాడు కాబట్టి ఇంగ్లీషులో ఇవాళ్టికీ బీమా ఒప్పుకునేవాణ్ణి అండర్‌రైటర్ అనే అంటారు.

ఇక్కడే చిక్కు. కాఫీ తాగుతూ సంతకం పెట్టేవాడికి ఓడ కనపడదు. అది ఎక్కడో ఇంకో రేవులో ఉంటుంది. చెక్క ఓడ, ఉప్పునీళ్లు, పురుగు తొలిచేస్తుంది. పైన రంగేసి లోపల పుచ్చిపోయిన ఓడని కూడా యజమాని బంగారం లాంటి ఓడ అనే చెబుతాడు. నమ్మి సంతకం పెడితే మునిగేది ఓడ ఒక్కటే కాదు.

అందుకని ఆ కొట్లో కూర్చునే బీమా వాళ్లు 1760లో ఒక సంఘంగా కలిశారు. మనుషుల్ని పెట్టి ఓడల్ని చూపించి, వాటి వివరం ఒక పుస్తకంలో అచ్చేయించారు. ఇప్పుడు దొరుకుతున్న వాటిలో పాతది 1764 నుంచి 66 దాకా ఉన్న పుస్తకం. అందులో ప్రతి ఓడకీ రెండు మార్కులు. ఓడ ఒళ్లు, అంటే చెక్క కట్టుబడి, ఎట్లా ఉందో చెప్పడానికి ఇంగ్లీషు అచ్చులు ఏ, ఇ, ఐ, ఓ, యు. ఏ అంటే గట్టి ఒళ్లు, యు అంటే పుచ్చుది. తెరచాప కొయ్యలు, మోకులు, లంగర్లు ఎట్లా ఉన్నాయో చెప్పడానికి వేరే అక్షరాలు. బాగుంటే జి, మధ్యరకమైతే ఎమ్, బాగాలేకపోతే బి.

తర్వాత ఆ సామాను మార్కుని అక్షరం తీసేసి అంకెలోకి మార్చారు. 1775-76 పుస్తకంలో మొదటిసారి ఏ పక్కన 1 కనపడుతుంది. ఒళ్లు ఏ, సామాను 1. అదీ ఏవన్.

ఇది గమనించండి. ఏవన్ అంటే ఒక మార్కు కాదు, రెండు. ఓడ ఒళ్లు ఎంత గట్టిదైనా మోకులు చివికిపోతే ఏవన్ కాదు. మోకులు కొత్తవైనా ఒళ్లు పుచ్చితే ఏవన్ కాదు. మనం ఒక్క మాటగా వాడేస్తున్నాం గానీ, పుట్టినప్పుడు అది "ఇదీ చూశాం, అదీ చూశాం" అని చెప్పే మాట.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక అసలు కథ.

ఆ పుస్తకం ఎవరిది? బీమా వాళ్లది. ఎవరి చేతిలో ఉండేది? చందా కట్టిన వాళ్ల చేతిలోనే. కొత్త పుస్తకం కావాలంటే పాతది తిరిగి ఇవ్వాలి. బయటివాళ్లకి చూపించకూడదు. అంటే ఓడ యజమాని ఓడకి గ్రేడు పడుతుంది, ఆ గ్రేడుని బట్టి బీమా, కిరాయి మారిపోతాయి, కానీ ఆ పుస్తకం అతని కోసం రాసింది కాదు. ఇది చదివించుకున్నప్పుడు నాకు గుప్పెడు కాయ చేతిలో ఆడించిన ఆయనే గుర్తొచ్చాడు.

1797-98 నాటికి బీమా వాళ్ల కమిటీ ఇంకో పని చేసింది. ఓడ ఎట్లా ఉంది అన్నది పక్కన పెట్టి, అది ఎక్కడ కట్టారు, ఎన్నేళ్లయింది అన్నదాన్ని బట్టి గ్రేడు వేయడం మొదలెట్టింది. లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున కట్టిన ఓడకి ఎక్కువ ఏళ్లు మంచి గ్రేడు. వేరే రేవుల్లో కట్టినదానికి తక్కువ ఏళ్లు. గట్టిగా కట్టారా, బాగా చూసుకున్నారా అన్నదానికి విలువ లేకుండా పోయింది. ఏడేడు మరమ్మతు చేయించి నిలబెట్టుకున్న ఓడ కూడా వయసు దాటిందని కిందికి దిగిపోయేది. అంటే, నీ చేలో కాయ ఎట్లా ఉందో చూడకుండా నీ ఊరి పేరు చూసి ధర చెప్పడం అన్నమాట.

ఓడల యజమానులు ఊరుకోలేదు. ముందు మొరపెట్టుకున్నారు, వినలేదు. అప్పుడు 1799లో వాళ్లే సొంత పుస్తకం మొదలెట్టారు. బీమా వాళ్లది పచ్చ పుస్తకం, యజమానులది ఎర్ర పుస్తకం అని జనం పేర్లు పెట్టారు. కొనేవాడి గ్రేడు ఒకటి, అమ్మేవాడి గ్రేడు ఒకటి.

మనవాళ్లకి ఇది వినడానికి బాగుంటుంది. మన గ్రేడు మనమే వేసుకుంటే ఎంత బాగుండు అని నేను కూడా అనుకున్నాను. కానీ ఏం జరిగిందో చూడండి. ముప్పై ఏళ్లకు పైన రెండు పుస్తకాలూ పోటీపడ్డాయి. ఒకే ఓడ ఒక పుస్తకంలో ఒకరకం, ఇంకో పుస్తకంలో ఇంకోరకం. సరుకు ఎక్కించే వర్తకుడు ఏది నమ్మాలి? రెంటి మీదా నమ్మకం తగ్గింది. చందాలు తగ్గాయి. చివరికి రెండు సంఘాలూ డబ్బు లేక మూతపడే దాకా వచ్చాయి.

అప్పుడు దిగొచ్చారు. 1834లో రెండూ కలిసి ఒకటే సంస్థ అయ్యాయి, ఒకటే పుస్తకం. దాని కమిటీలో 24 మంది. 8 మంది వర్తకులు, 8 మంది ఓడల యజమానులు, 8 మంది బీమా వాళ్లు. ముగ్గురికీ సమానంగా కుర్చీలు. ఏ గ్రేడు దేనికి వేస్తారో నిబంధనలు అచ్చేసి బయటపెట్టారు. కట్టిన ఊరిని బట్టి కాకుండా, వాడిన చెక్క ఏది, కట్టుబడి ఎట్లా ఉంది, ఇప్పుడు ఎట్లా ఉంది అని చూసి గ్రేడు వేయడం పెట్టారు. ఏ చెక్కకి ఎన్నేళ్లు ఏవన్ ఇవ్వచ్చో ఒక పట్టిక. ఆ గడువు అయ్యాక మళ్లీ చూస్తారు. బాగుంటే ఇంకొన్నేళ్లు ఇస్తారు, లేకపోతే కిందికి దించుతారు.

ఆ పట్టికలో అన్నిటికన్నా మంచి వరసలో ఇంగ్లీషు ఓక్ చెక్కతో పాటు మన దేశపు టేకు కూడా ఉంది. మన అడవి చెట్టు! ఒకప్పుడు మన గోదావరి మూల కోరంగిలో కూడా ఓడలు కట్టేవాళ్లు, మరమ్మతు చేసేవాళ్లు. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి తుఫాను వచ్చి ఆ రేవుని దెబ్బతీసింది. ఇప్పుడు అక్కడ మడ అడవి చూడ్డానికి పోతాం గానీ, ఆ రేవు కథ మన పిల్లలకి తెలీదు.

ఈ లోపు మాట రేవు దాటి ఊళ్లోకి వచ్చేసింది. చార్లెస్ డికెన్స్ 1836-37లో రాసిన పిక్‌విక్ పేపర్స్ నవలలో ఒక జైలు ఉద్యోగి ఒక మనిషిని ఏవన్ అని మెచ్చుకుంటాడు. ఓడకి వేసిన గ్రేడు మనిషికి అంటుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అయితే సైన్యంలో చేరేవాళ్లని డాక్టర్లు పరీక్ష చేసి, ఒళ్లు గట్టిగా ఉన్నవాడికి ఏవన్ అని, కింది రకానికి సీ త్రీ అని రాశారు. ఆ తర్వాత సీ త్రీ అంటే అక్కడ తిట్టయిపోయింది. గ్రేడు అనేది సరుకు మీద ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, మనిషి మీద పడితే మానదు.

"ఫస్ట్ రేట్" అనే మాట కూడా ఓడల నుంచి వచ్చిందే. ఇంగ్లాండు నౌకాదళంలో నూరు, అంతకు పైన ఫిరంగులున్న యుద్ధ ఓడని మొదటి రేటు ఓడ అనేవాళ్లు. కానీ అది ఎంత పెద్దది అన్న లెక్క. ఏవన్ ఎంత నమ్మొచ్చు అన్న లెక్క. రెంటికీ తేడా ఉంది.

ఇంకో రెండు సంగతులు చెప్పి మన దగ్గరికి వస్తాను. 1853లో ఆ సంస్థ ఒక శిలువ లాంటి గుర్తు పెట్టింది. ఓడ కట్టేటప్పుడు మొదటి నుంచీ తమ మనిషి దగ్గరుండి చూస్తేనే గ్రేడు ముందు ఆ గుర్తు వేస్తారు. కట్టేశాక వచ్చి చూస్తే గ్రేడు ఉంటుంది గానీ ఆ గుర్తు ఉండదు. విత్తన పంటకి తనిఖీ వాళ్లు చేలోకే వచ్చి చూస్తారు కదా, అట్లాంటిది. చెక్క పోయి ఇనుము వచ్చాక, 1870లో ఏవన్ ముందు 100 కూడా చేరింది. ఇవాళ్టికీ పెద్ద ఓడలకి 100ఏ1 అనే రాస్తారు.

ఇప్పుడు మన సంగతి.

మనకీ గ్రేడులు కొత్త కాదు. ఆగ్‌మార్క్ చట్టం 1937 నాటిది. వడ్లకి మద్దతు ధర రెండు రకాలు, గ్రేడ్ ఏ ఒకటి, సాధారణ రకం ఒకటి. ఇక్కడ మనలో చాలామంది పొరబడతారు. గ్రేడ్ ఏ అంటే మంచి వడ్లు, సాధారణం అంటే నాసి వడ్లు అనుకుంటారు. అది కాదు. గింజ సన్నమా లావా అన్నదాన్ని బట్టి ఆ విభజన. గింజ పొడుగు వెడల్పుకి రెండున్నర రెట్లు, ఆ పైన ఉంటే గ్రేడ్ ఏ. ఎంత శుభ్రంగా ఆరబెట్టినా లావు గింజ గ్రేడ్ ఏ అవదు. శుభ్రం, తాలు, తేమ లెక్క వేరే. తేమ 17 శాతం లోపు ఉండాలి అన్నది రెండు రకాలకీ ఒకటే. ఈ తేడా తెలియక కొనుగోలు కేంద్రం దగ్గర గొడవపడి, అవమానపడి తిరిగొచ్చిన వాళ్లని నేను చూశాను. నేనే ఒకసారి పడ్డాను.

మిరపకాయ సంగతి ఇంకా ఘోరం. డీలక్స్, బెస్టు, మీడియం, తాలు అని రోజూ వింటాం. నేను కాయ వేసే చోట రంగు ఎంత ఉంటే బెస్టు, మచ్చ ఎంత ఉంటే మీడియం అని గోడ మీద రాసి ఉన్న బోర్డు ఒక్కటీ లేదు. గుప్పెడే కొలత, కన్నే మీటరు. గ్రేడు కొనేవాడే వేస్తాడు, ధరా కొనేవాడే చెప్తాడు. 1834కి ముందు ఓడల వాళ్లు ఎక్కడున్నారో, మనం ఇంకా అక్కడే ఉన్నాం.

ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. ఎదుటివాణ్ణే అంటే ధర్మం కాదు. పదిహేనేళ్ల కిందట ఒక ఏడు ధర పడిపోయి, అప్పు మీద పడితే, నేను కూడా టిక్కీ అడుగున తాలుకాయ తొక్కి, పైన మంచి కాయ పోశాను. దొరికిపోయాను. ఆ వ్యాపారి నన్ను ఏమీ అనలేదు. తర్వాత నాలుగేళ్లు నా టిక్కీలు పైన చూడకుండా అడుగు దాకా కుమ్మరించి చూసేవాడు. నా పక్కన టిక్కీలు పెట్టుకున్న వాళ్లవి కూడా. ఒక్కడు చేసిన పనికి పదిమంది సరుకు మీద అనుమానం. ఓడకి పైన రంగేసి లోపల పుచ్చు దాచిన యజమాని ఎవడో, నేనూ వాడే. గ్రేడు పుస్తకం పుట్టింది మనలాంటి వాళ్ల వల్లే. అది చెప్పకుండా మిగతాది చెప్పడానికి నాకు నోరు రాదు.

కాబట్టి నేను అనేది ఇది. గ్రేడు వద్దు అని కాదు. గ్రేడు లేకపోతే తాలు ఏరినవాడికీ, ఏరనివాడికీ ఒకటే ధర, అది ఇంకా అన్యాయం. మన గ్రేడు మనమే వేసుకుంటాం అన్నా కుదరదు, ఎర్ర పుస్తకం ఏమైందో చూశాం. కొనేవాడి గ్రేడు కొనేవాడి దగ్గరే ఉంటే ఏమవుతుందో పచ్చ పుస్తకంలో చూశాం. కావాల్సింది గ్రేడు వేసే బల్ల దగ్గర మనకీ ఒక కుర్చీ, ఆ బల్ల పైన గోడకి రాసి పెట్టిన లెక్క.

అది రేపే రాదు. అప్పటిదాకా మా ఊళ్లో మేం ఆరుగురం కలిసి కొన్ని పనులు మొదలెట్టాం. తలా కొంత వేసుకుని తేమ కొలిచే మీటరు ఒకటి కొన్నాం. బయలుదేరే ముందు ఇంటి దగ్గరే చూసి చీటీ మీద రాసుకుంటున్నాం. ప్రతి లాటు నుంచి కిలో కాయ సంచిలో కట్టి, తారీఖు రాసి ఇంట్లో ఉంచుతున్నాం. యార్డులో ఎవరన్నా మీడియం అంటే "ఎందుకు, రంగా, మచ్చా, తేమా?" అని ఒక్క ప్రశ్న అడుగుతున్నాం, కోపంగా కాదు, మర్యాదగానే. చెప్పిన మాట పుస్తకంలో రాస్తున్నాం. ఎవరి లాటుకి ఏ రోజు ఏ గ్రేడు చెప్పారో అందరం ఒకే పుస్తకంలో. అడుగున ఒకటి పైన ఒకటి పోయకూడదని ముందే ఒట్టేసుకున్నాం. ముందు నా చేతే వేయించారు, అది న్యాయమే.

ఈ పుస్తకానికి పచ్చ, ఎర్ర ఏమీ లేదు, పిల్లల నోటుపుస్తకం, 40 పేజీలది. ఇప్పటికి 31 లాట్లు రాశాం. ఒకే కాయకి రెండు గ్రేడులు పడినవి అందులో 5. ఇంకో రెండేళ్లు రాస్తే, ఆ పుస్తకం పట్టుకుని కమిటీ వాళ్ల దగ్గరికి పోయి కూర్చుని మాట్లాడాలని మా ఆలోచన. ఉత్త నోటితో మొరపెట్టుకుంటే ఓడల వాళ్ల మాటే వినలేదు, మనది వింటారా? రాసి చూపిస్తే ఆగి చూడాల్సి వస్తుంది.

మీ ఊళ్లో కూడా ఒక నోటుపుస్తకం మొదలెట్టండి. వడ్లైనా, పత్తైనా, కందులైనా. తారీఖు, సరుకు, మీరు కొలిచిన తేమ, వాళ్లు చెప్పిన గ్రేడు, చెప్పిన కారణం. ఐదు గడులు చాలు. మొదలెట్టినవాళ్లు కింద కామెంట్లో ఊరి పేరు, సరుకు పేరు పెట్టండి. వ్యాపారుల పేర్లు మాత్రం పెట్టొద్దు, మనకి కావాల్సింది తగువు కాదు, లెక్క.

ఈసారి ఎవరన్నా మీ కాయ చూసి ఏవన్ అంటే సంతోషపడండి. పడుతూనే "ఏం చూసి అన్నావు అన్నా?" అని అడగండి. ఆ మాట పుట్టినప్పుడు దాని వెనకాల రెండు సార్లు చూసిన కన్ను ఉంది. మన సరుక్కి కూడా అంతే చూపు దక్కాలి.

ఉంటాను. రేపు నాలుగో కోతకి కూలీలు వస్తున్నారు.